బొట్టుబిళ్ళల మ్యాపు: పొద్దుగూకినాక తిరుపతి

మార్చి మొదటి వారం: మాట ఎట్లా వచ్చిందంటే

మా ఆయనకు అక్క, నాకు వదిన. ఆరేళ్ళు బెంగుళూరులో కొడుకు దగ్గరుండి, మనవడు బడికి పోవడం మొదలయ్యాక తిరుపతికి వచ్చేసింది. కొర్లగుంటలో వాళ్ళ పాత మిద్దె ఇల్లు ఉండనే ఉంది. వచ్చిన నెలకి ఒక ఆదివారం మా ఇంట్లో కాఫీ తాగుతూ అడిగింది.

"పొద్దుగూకినాక మన ఊర్లో ఆడోళ్ళు ఊరికే పోయి కూర్చునే చోటు ఏదన్నా ఉండాదా మే?"

గుడి అన్నాను.

"గుడి కాకుండా."

పెళ్ళి రిసెప్షన్ అన్నాను.

"పిలవకుండా పోయేది."

చాలాసేపు ఆలోచించి పెద్దాసుపత్రి అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఆమె ఇంటికి పోయాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. నేను పుట్టింది, చదివింది, పెళ్ళయింది, ఉద్యోగం చేసేది అన్నీ ఇక్కడే. రేణిగుంట రోడ్డులో ఒక ప్లైవుడ్ షాపులో లెక్కలు రాస్తాను. రాత్రి ఎనిమిదికి షటర్ దించాక నేరుగా ఇంటికొచ్చి కుక్కర్ పెట్టడమే. రాత్రి తిరుపతి అంటే నాకు తెలిసింది, చుట్టాలను రైలెక్కించడానికి పోయినప్పుడు కనిపించిన ముక్కే. ఎక్కడెక్కడి జనమో వచ్చి ఈ ఊళ్ళో రాత్రంతా తిరుగుతుంటారు. ఊరి వాళ్ళం మాత్రం తొమ్మిదిన్నరకి గేటుకి తాళం వేసుకుంటాం.

మరుసటి రోజు వదినకి ఫోన్ చేసి, వారానికి ఒక రాత్రి బయటికి పోదామన్నాను. శనివారం పెట్టుకుందామంటే ఒప్పుకోలేదు. ఆమెకి శనివారం ఒక్కపొద్దు. అట్లా శుక్రవారం ఖాయమైంది.

నియమాలు షాపు బిల్లు పుస్తకం వెనక రాసుకున్నాం. ముందెప్పుడూ కూర్చోని చోటై ఉండాలి. ఇద్దరికీ కలిపి 500 దాటకూడదు. రాత్రి 8 తర్వాత కూడా తెరిచి ఉండాలి. నా స్కూటీ మీద అరగంటలో చేరగలగాలి. భీమాస్, మయూర, మినర్వా హోటళ్ళు లెక్కలోకి రావు, ఎప్పటి నుంచో పోతున్నవే కాబట్టి. బార్లు ఉన్నాయి కదా అన్నాను ఊరికే. వదిన చూసిన చూపుకి ఆ వరుస కొట్టేశాను.

సరంజామా

ఫోన్‌లో సేవ్ చేసుకుంటే పోయేదానికి ఈ చార్టులెందుకని మా అబ్బోడు వెక్కిరించాడు. వాడు ఇంటర్ పరీక్షల్లో ఉన్నాడు, వాడికి అన్నీ వెక్కిరింతే. కానీ వదిన ఫోన్ స్క్రీన్ చూడాలంటే కళ్ళద్దాలు వెతకాలి. గోడకి ఉండే మ్యాపు కావాలంది.

షాపులో మిగిలిన ఆరు ఎం.ఎం. ప్లైవుడ్ ముక్క, మూడడుగులకి రెండడుగులు, ఓనరు ఉత్తికే ఇచ్చారు. దాని మీద పాత గోడ క్యాలెండర్ పేజీలు నాలుగు తిరగేసి అతికించాను. పెన్సిల్‌తో ముందు గీసింది రైలు పట్టాలు. తిరుపతిని ఎవరు గీసినా అక్కడి నుంచే మొదలుపెట్టాలి, ఊరిని అడ్డంగా కోసేది అదే. పైన ఉత్తరాన కొండ. పట్టాలకి ఎగువన గోవిందరాజుల గుడి, చుట్టూ కార్ స్ట్రీట్లు. రామానుజులవారు 1130లో గోవిందరాజస్వామిని ప్రతిష్ఠించాక ఊరు ఆ గుడి చుట్టూనే పెరిగిందంటారు. బయటివాళ్ళు కార్ స్ట్రీట్ అంటే కార్లు పెట్టుకునే వీధి అనుకుని వచ్చి ఇరుక్కుపోతుంటారు. ఆ కారు రథం. ఆ వీధుల్లో స్కూటీ పెట్టడానికే చోటుండదు.

ఇక గుర్తులు. గుండుసూదులు ప్లైవుడ్‌లో దిగలేదు, వంగిపోయాయి. స్టిక్కర్లు కొందామని బజారు వీధికి పోతే వదిన ఫ్యాన్సీ అంగట్లోకి దూరి బొట్టుబిళ్ళల అట్టలు పట్టుకొచ్చింది. "ఇవి కూడా అతుక్కునేవే కదా." ఎర్రవి తిండికి, పచ్చవి ఊరికే కూర్చునే చోట్లకి, నల్లవి ఆటపాటలకి. ఒక అట్ట మాత్రం పెద్ద మెరూన్ బిళ్ళలు, తొమ్మిదే ఉన్నాయి. అవి మళ్ళీ మళ్ళీ పోదగ్గ చోట్లకి. పొదుపుగా వాడాలని మాట అనుకున్నాం.

నోట్‌బుక్‌లో గళ్ళు గీశాను. మూసే టైము, వెలుతురు, బాత్రూం, స్కూటీ పెట్టే చోటు. ఆఖరి గడి వదిన ఐడియా: తినడం అయ్యాక ఎన్ని నిమిషాలకి టేబుల్ తుడవడానికి వస్తారు. హోటల్ ఎట్లాంటిదో ఆ ఒక్క దాంట్లో తెలిసిపోతుందని ఆమె అభిప్రాయం. రెండు వారాల్లోనే నాకూ నమ్మకం కుదిరింది.

మొదటి శుక్రవారం

బాలాజీ కాలనీ వైపు. యూనివర్సిటీ పిల్లలు ఉండే చోటు కాబట్టి రాత్రి సందడి ఉంటుందని లెక్క. ఫోన్‌లో "రాత్రి 11 వరకు తెరిచి ఉంటుంది" అని చూసుకుని పోయిన మొదటి కెఫేకి తాళం. రెండోది మొబైల్ షాపుగా మారిపోయి ఉంది. మూడోది తెరిచే ఉంది గానీ కుర్చీలన్నీ టేబుళ్ళ మీద తలకిందులుగా ఉన్నాయి. ఒక అబ్బాయి నేల తుడుస్తూ, "అయిపోయిందక్కా" అన్నాడు. టైము తొమ్మిదీ పది.

ఆకలికి ఆగలేక అన్నమయ్య సర్కిల్ దాకా వచ్చి, పక్క సందులో ట్యూబ్‌లైటు కింద రాగి సంకటి బోర్డు చూసి దిగాం. నాలుగు టేబుళ్ళు. వండేది భార్య, వడ్డించేది భర్త. అరచేతి వెడల్పు ముద్ద పళ్ళెంలో పెట్టి, నడిమధ్య గరిటె కాడతో గుంత చేసి, ఆ గుంతలో నాటుకోడి పులుసు పోశాడాయన. పక్కన ఊరుబిండి. ఊరుబిండి అంటే వేయించిన వేరుశెనగలు, ఎండుమిర్చి, చింతపండు వేసి రోట్లో బరకగా నూరిన పచ్చడి. ఈ మధ్య పెద్ద హోటళ్ళ వాళ్ళు మిక్సీలో మెత్తగా తిప్పేసి క్రీములా తెస్తున్నారు, అది ఊరుబిండి ఎట్లవుతుంది? ఇక్కడ పలుకు పంటికి తగిలింది.

వదిన సంకటి ముద్దని నమలకుండా పులుసులో ముంచి గుటుక్కున మింగింది. అదే పద్ధతి. "బెంగుళూరోళ్ళు కూడా ముద్ద తింటారు మే, పులుసు మాత్రం ఇట్లా రాదు."

ఇద్దరికీ 260. తిన్నాక పావుగంట కూర్చున్నా ఎవరూ తుడవడానికి రాలేదు, పైగా మజ్జిగ తెచ్చిచ్చారు. బాత్రూం లేదు. ఎర్ర బొట్టుతో పాటు మొదటి మెరూన్ కూడా అక్కడే పెట్టాం. పొదుపు మాట మొదటి రోజే పోయింది.

ఇంటికొచ్చే దారిలో ఒక బండి దగ్గర నన్నారి సోడా. గ్లాసులో సగం నిమ్మకాయ, రెండు వేళ్ళ మందం నన్నారి, అంటే సుగంధిపాల వేరు షర్బత్తు, మీద గోళీసోడా కొట్టడం. మార్చిలోనే ఎండ అట్లా ఉంది మరి.

రెండో శుక్రవారం: లైవ్ మ్యూజిక్

ఎయిర్ బైపాస్ రోడ్డు వైపు ఒక రూఫ్‌టాప్ కెఫే. పేరెందుకులెండి. ప్రతి శుక్రవారం లైవ్ మ్యూజిక్ అని ఫ్లెక్సీ కట్టారు. వదిన పట్టుచీర కట్టుకుని వచ్చింది.

పైన గాలి బాగుంది. తీగలకి చిన్న చిన్న బల్బులు, వెదురు కుర్చీలు, ప్లాస్టిక్ గడ్డి. ఎనిమిదిన్నరకి లైవ్ మ్యూజిక్ మొదలవుతుందన్నారు. తొమ్మిదికి ఒకబ్బాయి వచ్చి స్పీకరు పెట్టి, దానికి తన ఫోన్ కలిపి, పాట పెట్టి, కిందికి దిగిపోయాడు.

వదిన వెయిటర్‌ని పిలిచింది. "నాయనా, పాడేవాళ్ళు ఎప్పుడొస్తారు?"

"అదే మేడం, ప్లే అవుతా ఉంది కదా."

"లైవ్ అన్నారే?"

ఆ అబ్బాయి కాస్త ఆలోచించి, "ఇప్పుడే ప్లే చేస్తున్నాం కదా మేడం, లైవే" అన్నాడు. వాడి లాజిక్‌కి వదిన దగ్గర జవాబు లేదు. ఆమెకి జవాబు దొరక్కపోవడం నా పెళ్ళయ్యాక నేను చూడటం అదే మొదటిసారి.

రెండు కాఫీలు, ఒక ప్లేటు ఫ్రెంచ్ ఫ్రైస్, 540. నియమం తప్పింది. కాఫీకి 180 ఎందుకంటే వ్యూకి అట. వ్యూ నిజంగానే బాగుంది. ఉత్తరం వైపు కొండ మొత్తం నల్లగా గోడలా నిలబడి ఉంటే, అలిపిరి మెట్లదారి దీపాలు ఒక గీతలా పైకి పోయి, ఆ గీత చివర గాలిగోపురం దగ్గర శంఖు చక్ర నామాలు వెలుగుతున్నాయి. వదిన చాలాసేపు చూసి, "ఇది మా మిద్దె మీంచి కూడా కనపడతాది" అంది.

పచ్చ బొట్టు పెట్టాం, మెరూన్ లేదు. ఆ రాత్రే ఆమె మిద్దె మీద కూడా ఇంకో పచ్చ బొట్టు. నేను ఒప్పుకోలేదు, ముందెప్పుడూ కూర్చోని చోటై ఉండాలి కదా. "నువ్వు కూర్చున్యావా?" అంది. నిజమే, ఆ మిద్దె నేను వడియాలు ఆరేయడానికే ఎక్కాను.

మార్చి ఆఖరు

ఇయర్ ఎండింగ్. రాత్రి పదిన్నర దాకా షాపులోనే స్టాకు లెక్కలు. తిరిగింది లేదు, తిన్నది పక్క బండి మీద ఎగ్ రైస్.

ఏప్రిల్ మొదటి వారం: స్టేషన్ ముందర

లెక్కలు తెమిలిన సంతోషంలో వదినే అంది, ఈసారి ఎనిమిదికి కాదు, పదకొండుకి బయల్దేరదామని. మా ఆయన నోరు తెరిచి మళ్ళీ మూసేశారు. అక్క మాట కదా.

పదకొండున్నరకి గాంధీ రోడ్డు అంగళ్ళు మూసేసి ఉన్నాయి. మనుషులు లేరు, కుక్కలు ఉన్నాయి. భయమేసింది, నిజం చెప్పాలంటే. అక్కడి నుంచి స్టేషన్ వైపు తిరిగామో లేదో పగలు మొదలైంది. యాత్రికుల వసతి విష్ణు నివాసం ముందర రోడ్డు నిండా జనం. నిద్రపోతున్న పిల్లల్ని భుజాన వేసుకున్న ఆడవాళ్ళు, అప్పుడే గుండు చేయించుకుని గంధం పూసుకున్న తాతలు, నెత్తిన సంచులు, చేతుల్లో లడ్డూ కవర్లు. ఇడ్లీ కుండల నుంచి ఆవిరి. ఒక బండి మీద పెద్ద బాండలిలో పాలు మరుగుతుంటే, అతను లోటాతో ఎత్తి ఎత్తి పోస్తున్నాడు.

మేం ఒక టీ అంగడి ముందు స్టూళ్ళ మీద కూర్చున్నాం. అక్కడే నాకు ఒక సంగతి తట్టింది. అర్ధరాత్రి పన్నెండుకి రోడ్డు పక్క ఇద్దరం ఆడవాళ్ళం కూర్చుని టీ తాగుతుంటే ఒక్కరూ వింతగా చూడలేదు. చుట్టూ సగానికి సగం ఆడవాళ్ళే. ముసలమ్మలు కాళ్ళు బారజాపుకుని, పిల్లతల్లులు అటు తిరిగి పాలిస్తూ. కొండ మీది నుంచి దిగేవాళ్ళకి, పొద్దున ఎక్కడానికి దర్శనం టోకెన్ల కోసం వచ్చేవాళ్ళకి గడియారంతో పని లేదు. వాళ్ళ కోసం వెలిగే లైట్లలో మాకూ చోటుంది. ఆ మొదటి శుక్రవారం తొమ్మిది దాటగానే బాలాజీ కాలనీలో బిక్కుబిక్కుమంటూ స్కూటీ తీసినదాన్ని, ఇక్కడ అర్ధరాత్రి చెప్పులు విడిచి మఠం వేసుకుని కూర్చున్నాను.

ఒక్కటే గొడవ, మమ్మల్ని అందరూ యాత్రికులనుకోవడం. టీ అతను "ఇన్నొరు టీ వేణుమామ్మా?" అన్నాడు అరవంలో. ఆటోల వాళ్ళు అయితే వరస పెట్టి, "కాణిపాకం, కాళహస్తి, వేలూరు గోల్డెన్ టెంపుల్! రూమ్ కావాలామ్మా, రూమ్?"

"మాది ఈ ఊరేనప్పా" అన్నాను నేను.

నమ్మలేదు. ఈ ఊరోళ్ళు ఈ టైముకి ఇక్కడెందుకుంటారని అతని మొహంలోనే ఉంది. రెండో ఆటో అతనికి వదిన కన్నడంలో "బేడప్పా", అంటే వద్దప్పా, అని చెప్పి పంపించేసింది. ఆ మాట ఎంత బాగా పనిచేసిందంటే, ఇంటికి పోయేదాకా అదే వాడాం.

పొంగలి, రెండు టీలు, రెండు బాదంపాలు, అన్నీ కలిపి 170. పొంగలి సుమారు. బాదంపాలలో బాదం కంటే పసుపు రంగు ఎక్కువ. అయినా మెరూన్ బొట్టు.

తర్వాతి సోమవారం: మ్యాపు రిపేరు

పొద్దున లేచి చూస్తే బాలాజీ కాలనీ మొత్తం నేల మీద ఉంది. ఎండకి బొట్టుబిళ్ళల గమ్ము వదిలేసింది. రెండు ఎర్రవి చీపురుకి పోయాయి, ఒకటి పనమ్మాయి నుదుటికి. ఆ పిల్లని ఏమీ అనలేదు, బాగుంది కూడా.

ఫెవికాల్ అగ్గిపుల్ల మొనతో చుక్క పెట్టి, మీద బిళ్ళ అద్ది, చిటికెన వేలితో పది అంకెలు లెక్కపెట్టేదాకా నొక్కాలి. ఎక్కువైతే కాగితం ఉబ్బుతుంది, క్యాలెండర్ కాగితం మరీను. కొండ దగ్గర ఒక ముడత పడింది. అబ్బోడు చూసి, "అది నిజంగానే కొండలా ఉండాదిమా, వదిలేయ్" అన్నాడు. వాడి పరీక్షలు అయిపోయాయి, ఇప్పుడు వాడు మా టెక్నికల్ సలహాదారు. ఏ చోటికైనా పోయే ముందు ఫోన్ చేసి తెరిచి ఉందా అని కనుక్కునే పని కూడా వాడికే. ఫోన్ ఎత్తని చోటికి పోవడం మానేశాం. దాంతో సగం టెన్షన్ తగ్గింది.

ఉగాది దాటిన వారం

కోదండరాముడి బ్రహ్మోత్సవాలు. వదినకి ఇచ్చిన మాట ప్రకారం గుడి లెక్కలోకి రాదు గానీ, మేం పోయింది గుళ్ళోకి కాదు, వీధిలోకి. రాత్రి వాహనం వస్తుంటే ముందర కోలాటం జట్లు. ఒక్కో జట్టుది ఒక్కో రంగు చీర. ఒక జట్టులో మా షాపుకి ఎదురు మెడికల్ స్టోర్ ఆవిడ కనిపించింది. పగలు ఎప్పుడు చూసినా విసుగ్గా చిల్లర విసిరే మనిషి, అక్కడ కర్రలు తిప్పుతూ చెమటలు కక్కుతూ నవ్వుతోంది. వారానికి మూడు రాత్రులు ప్రాక్టీసట. అంటే ఈ ఊళ్ళో ఆడవాళ్ళు రాత్రి కలుసుకునే చోటు ముందు నుంచే ఉంది, నాకే తెలియదు.

మర్నాడు అన్నమాచార్య కళామందిరంలో హరికథ. టికెట్ లేదు, ఫ్యాన్లు ఉన్నాయి, బాత్రూం శుభ్రం, టేబుల్ తుడిచేవాళ్ళ బాధ అసలే లేదు. హరిదాసు మధ్యలో పిట్టకథ ఎత్తుకుని అత్తాకోడళ్ళని వాయించాడు. ముందు వరసలో ఉన్న అత్తలే ఎక్కువ నవ్వారు. ఎనిమిదిన్నరకి అయిపోవడం ఒక్కటే లోటు. మహతి ఆడిటోరియం కూడా ఇట్లాంటిదే. కార్యక్రమం ఉన్న రోజు పోవాలి, లేని రోజు తాళం. రెండింటికీ నల్ల బొట్లు.

ఏప్రిల్ నడుమ, చిన్న చిన్నవి

కరకంబాడి రోడ్డు వైపు మండీ. పెద్ద పళ్ళెం చుట్టూ అందరూ కూర్చుని తినేది. ఇద్దరికి చిన్న పళ్ళెం అడిగితే, అది కూడా నలుగురికి సరిపోయేంత తెచ్చారు. "పులావు మీద కోడిని పడుకోబెట్టినారు, అంతే కదా" అంది వదిన. మిగిలింది పార్సిల్ కట్టించి అబ్బోడికి ఇచ్చాం. బడ్జెట్ దాటింది.

బాక్స్ క్రికెట్ టర్ఫ్, అబ్బోడి సిఫారసు. చుట్టూ వల, మీద ఫ్లడ్‌లైట్లు, గంట లెక్కన అద్దె. రాత్రి పదకొండుకి కూడా బుకింగ్ దొరకదట. బెంచీ మీద కూర్చుని చూశాం. ఒక అంకుల్ రనౌటై ఒప్పుకోకుండా పావుగంట వాదించాడు, గంటకి డబ్బులు కట్టి. సినిమా కంటే బాగుంది. దోమలు మాత్రం లెక్కలేనన్ని. నల్ల బొట్టు.

శిల్పారామం పొద్దుండగానే పోవాల్సిన చోటు, మా పనికి రాదు. సెకండ్ షో ఒకటి పోయాం, వదిన ఇంటర్వెల్ దాకా నిద్ర. యూనివర్సిటీ వెనక దారిలో ప్రశాంతంగా ఉంటుందని ఎవరో చెబితే నేను వద్దన్నాను. ఆ కొండ పాదాల దగ్గర చిరుతలు తిరుగుతుంటాయని అందరికీ తెలుసు. ప్రశాంతత ఎక్కువై కూడా లాభం లేదు.

ఏప్రిల్ ఆఖరు: భారతం

ఇది నియమాలన్నీ తప్పి చేసింది. మా షాపులో లోడింగ్ చేసే అబ్బాయిది పుత్తూరు దగ్గర పల్లె. వాళ్ళ ఊళ్ళో ధర్మరాజుల గుడి దగ్గర భారతం జరుగుతోంది, రండమ్మా అన్నాడు. ముప్పై కిలోమీటర్ల పైనే. వదిన వెంటనే, "పోదాం. కాలు విరిగినా పుత్తూరు కట్టు పక్కనే ఉండాది" అంది. బస్సెక్కాం.

తెలియని వాళ్ళ కోసం: మా చిత్తూరు, తిరుపతి పల్లెల్లో ఎండాకాలం వచ్చిందంటే భారతం పెడతారు. పద్ధెనిమిది పర్వాలకి సరిపడా పద్ధెనిమిది రోజులు. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధి నాటకం. ఒకరోజు అర్జునుడు తపస్సు మాను ఎక్కుతాడు, ఆఖరికి దుర్యోధన వధ, అగ్నిగుండం. చిన్నప్పుడు మా అమ్మమ్మ ఊళ్ళో చూశాను. పెళ్ళయ్యాక ఒక్కసారీ పోలేదు.

మేం చేరేసరికి పది. గుడి ముందు మైదానంలో చాపలు, దుప్పట్లు, ప్లాస్టిక్ గోతాలు. రాత్రంతా ఉండటానికి తయారై వచ్చిన జనం. చుట్టూ బొరుగుల బండ్లు, బజ్జీల బాండళ్ళు, చెరుకురసం, గాజుల అంగళ్ళు, పిల్లలకి రంగులరాట్నం. తెర అంటే ఇద్దరు మనుషులు చెరో పక్క పట్టుకున్న దుప్పటి. దాని వెనక నుంచి ముందు కిరీటం కొన కనిపిస్తుంది, తర్వాత గజ్జెల చప్పుడు, హార్మోనియం, మద్దెల. జనం ఈలలు. తెర ఒక్కసారి పక్కకి లాగేస్తారు, దుర్యోధనుడు. అద్దాలు పొదిగిన చెక్క భుజకీర్తులు, బుగ్గల మీద ఎర్రరంగు, గిరగిరా నాలుగు చుట్లు తిరిగి నిలబడ్డాడు. ఆ బరువుతో అట్లా తిరగడం ఎట్లానో నాకు అర్థం కాలేదు.

ఆ రాత్రి ద్రౌపదీ వస్త్రాపహరణం. ద్రౌపది వేషం కట్టింది యాభై దాటిన మగమనిషి. గొంతు బొంగురు. మొదట్లో పిల్లలు నవ్వారు, నేనూ నవ్వాను. సభలో నిలబడి ఒక్కొక్కరినీ పేరు పెట్టి అడిగే దరువు ఎత్తుకున్నాడు. భీష్ముడిని, ద్రోణుడిని, చివరికి ఐదుగురు మొగుళ్ళని. నా పక్కన కూర్చున్న ముసలమ్మ దుశ్శాసనుడి మీదికి బొరుగుల పొట్లం విసిరింది. ఉత్త బెదిరింపు కాదు, గురి చూసి విసిరింది. అతను తప్పుకుని, ఆమెకి దండం పెట్టి, మళ్ళీ చీర లాగడం మొదలుపెట్టాడు. కుర్చీలో కునుకు తీస్తున్న వదిన అప్పుడే లేచింది, ఇక పడుకోలేదు.

మూడు గంటలకి ఆట మధ్యలో ద్రౌపది మా వైపు వచ్చి, బండి దగ్గర టీ అడిగాడు. మీసం లేకుండా గీసిన పెదవి మీద చెమట, చెవికి పెద్ద కమ్మలు. మీరు పగలు ఏం చేస్తారన్నా అని అడిగాను. "మామిడి తోటకి కాపలా తల్లీ. ఇప్పుడు కాయలు పడే రోజులు, నిద్ర ఎట్లాగూ ఉండదు" అన్నాడు. టీ గ్లాసు అక్కడ పెట్టి చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని మళ్ళీ సభకి పోయాడు.

తెల్లారి మొదటి బస్సుకి వచ్చాం. ఖర్చు, బస్సు చార్జీలతో కలిపి, 310. మ్యాపులో పుత్తూరు లేదు. ప్లైవుడ్ అంచు బయట, గోడ మీదే మెరూన్ బొట్టు అతికించింది వదిన. ఫెవికాల్‌తో. ఆ గోడకి పోయినేడే పెయింటు వేయించాం.

మే: గంగమ్మ

తాతయ్యగుంట గంగమ్మ జాతర గురించి ఏం రాయాలో తెలియక ఈ పేజీ నాలుగుసార్లు చింపేశాను. మంగళవారం రాత్రి చాటింపు పడ్డాక జాతర అయ్యేదాకా ఊరు దాటి పోకూడదంటారు. అందుకే ఈ వారం మ్యాపు తాతయ్యగుంటలో గంగమ్మ గుడి చుట్టూ మాత్రమే. బుధవారం బైరాగి వేషం, ఒళ్ళంతా నామకొమ్ము, అంటే నామాలు పెట్టే తెల్లసుద్ద. గురువారం బండ వేషం, కుంకుమ. శుక్రవారం తోటి వేషం, బొగ్గు. శనివారం దొర వేషం, గంధం, నిమ్మకాయల దండలు. ఈ రోజుల్లో వేషం కట్టినవాడు ఎవరిని తిట్టినా తిరిగి ఏమీ అనకూడదు. మా వీధి చివర ఇస్త్రీ అబ్బాయి ముప్పై ఏళ్ళుగా మర్యాదగా మాట్లాడేవాడు, గురువారం మా గేటు ముందు నిలబడి తిట్టిన తిట్లు విని మా ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు. శుక్రవారం మళ్ళీ "చీరలు ఉండాయా అమ్మా" అంటూ వచ్చాడు.

ఆదివారం మాతంగి వేషం. మగవాళ్ళు చీర కట్టేది. అబ్బోడికి చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పుడు మా అత్తగారు మొక్కుకుని ఉన్నారు, ఇన్నాళ్ళూ వాడు తప్పించుకుంటూ వచ్చాడు. ఈసారి వదిన పట్టుకుంది. ఆమె పట్టుచీరే, లైవ్ మ్యూజిక్‌కి కట్టుకున్నది. కుచ్చిళ్ళు నిలబడక పిన్నీసులు పదకొండు పెట్టాం. సవరం జడ, మల్లెపూలు, చేతికి గాజులు ఎక్కక మోచేతిదాకా సబ్బు నురుగు. "ఫోటో తీస్తే చస్తా" అన్నాడు. వీధి చివరికి పోయేసరికి వాడి క్లాసు పిల్లలు ఐదుగురు చీరల్లో ఎదురొచ్చారు. అక్కడి నుంచి వాడే సెల్ఫీలు.

జాతర ఆఖరి మంగళవారం రాత్రి మేమిద్దరం మళ్ళీ పోయాం. వీధుల పొడుగునా ఇళ్ళ ముందు అంబలి కుండలు, ఎవరొస్తే వాళ్ళకి పోస్తున్నారు. గంగమ్మ విశ్వరూపం చూడటం కోసం అర్ధరాత్రి దాటాక కూడా చీమ దూరే సందు లేదు. ఆటోస్టాండ్ దగ్గర ఒకతను మా వైపు చూసి నోరు తెరిచాడు. రూమ్ కావాలామ్మా అంటాడేమోనని వదిన "బేడప్పా" సిద్ధం చేసుకుంది.

"మీ అబ్బాయికి చీర బాగుండిందక్కా మొన్న" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి మూడున్నర. మ్యాపులో తాతయ్యగుంట దగ్గర పెన్సిల్‌తో సున్నా చుట్టి, మెరూన్ అట్ట తీశాను. ఖాళీ. ఆఖరిది ఒకటి ఉండాలి కదా అని నోట్‌బుక్ లెక్క చూశాను, ఎనిమిదే వాడాం. వదిన సోఫాలో కళ్ళు మూసుకునే, "ఆదివారం అబ్బోడి నుదుటికి పెట్టినా మే" అంది.

గది తలుపు తీసి చూశాను. ఆదివారం నుంచి మొహం సరిగ్గా కడిగినట్టు లేదు. బొట్టు అట్లానే ఉంది, కాస్త పక్కకి జరిగి. తీయలేదు. రేపు బజారు వీధికి పోవాలి.